ఆముదం పూసిన హ్యాండిల్‌తో పర్ణశాల దాకా

నాకు ఉద్యోగం వస్తే ఇంటి నుంచి పర్ణశాల దాకా కాలినడకన వచ్చి సీతారాములను చూస్తానని మా అమ్మ మొక్కుకుంది. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. నా ప్రతి పరీక్షకూ అమ్మ దగ్గర ఒక మొక్కు ఉండేది, చాలావరకు కొబ్బరికాయతో తీరిపోయేవి. ఇది మాత్రం పెద్దది. నాకు ఖమ్మంలో గుమాస్తా ఉద్యోగం వచ్చేనాటికి, ఏళ్ళ తరబడి బీడీల తునికాకు కోసి, మిరపకాయలు ఏరి అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి. ఎక్కువ నడవొద్దని దవాఖానాలో గట్టిగా చెప్పారు. మొక్కు తీరలేదన్న దిగులు అమ్మను వదల్లేదు. ఒకరోజు "నీ బదులు నేను సైకిల్ మీద పోత" అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. "సైకిలంటే కాళ్ళతోని తొక్కేదే కద. నడక కిందికే వస్తది. కానీ నడుమ బస్సు ఎక్కొద్దు, లారీ ఎక్కొద్దు. ఎక్కినవంటే మొక్కు పోయినట్టే."

నా సైకిల్ సన్న టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిల్. హైదరాబాదులో హాస్టల్ స్నేహితురాలు పెళ్ళయి వెళ్తూ తక్కువకే ఇచ్చింది. దాని హ్యాండిల్‌కు చుట్టిన పాత టేపు అట్టలా గట్టిపడిపోయింది. ఏన్కూరు దగ్గర ఉన్న మా ఊరి నుంచి ఖమ్మం దాకా రెండుసార్లు తొక్కి చూస్తే, రెండుసార్లూ చిటికెన వేళ్ళు తిమ్మిరెక్కి సాయంత్రం దాకా స్పర్శ రాలేదు. పర్ణశాల దానికి రెట్టింపు కన్నా ఎక్కువ దూరం, సుమారు నూట ఇరవై కిలోమీటర్లు. అందుకని ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠిలో టేపు కోసం తిరిగాను. బట్ట టేపు చౌక, కానీ పలుచన. గతుకులన్నీ చేతికే తెలుస్తాయి. మెరిసే ప్లాస్టిక్ టేపు చూడటానికి బాగుంటుంది, చెమట పడితే జారుతుంది. బెరడు పొడి కలిపిన కార్క్ టేపు మెత్తగా ఉండి చెమట పీలుస్తుంది. మూడు వందల యాభై చెప్పారు, మూడు వందలకు ఇచ్చారు. తెలుపు తప్ప వేరే రంగు లేదు.

శనివారం మధ్యాహ్నం వాకిట్లో పాత టేపు పీకి, మిగిలిన జిగురును కిరసనాయిలుతో తుడిచాను. చివర బిగించడానికి నల్లటి కరెంటు టేపు కావాలని ఏన్కూరు వెళ్ళి వచ్చేసరికి హ్యాండిల్ పచ్చగా మెరుస్తోంది. అమ్మ దాని నిండా ఆముదం పూసి, పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది.

"ఇదేందమ్మా?"

"నాగలికైనా రోకలికైనా కొత్తగ ఏమన్న కట్టేముంగట ఆముదం పెట్టాలె. గింత దూరం పొయ్యేదానికి పెట్టకపోతే ఎట్ల?"

ఆ ముఖం చూసి సబ్బుతో కడుగుతానని అనలేకపోయాను. పొడి గుడ్డతో అద్ది, అంతా పోయిందనుకున్నాను. టేపును కింది చివర మొదలుపెట్టి పైకి చుట్టాలి. ప్రతి చుట్టూ ముందరి చుట్టును మూడో వంతు కప్పాలి. వదులు లేకుండా లాగుతూ ఉండాలి. అమ్మ టేపు చుట్ట పట్టుకుని వదులుతుంటే నేను చుట్టాను. "పొట్టేలు కొమ్ములకు దవాఖాన కట్టు కట్టినట్టున్నది. యాడ తాకిందట దీనికి దెబ్బ?" అని నవ్వింది.

ఆదివారం ఉదయం అయిదింటికి బయలుదేరాను. అమ్మ తొమ్మిది గంటల బస్సులో భద్రాచలం వచ్చి, అక్కడ పర్ణశాల బస్సు పట్టుకుంటుంది. "నువ్వు వచ్చేదాక నేను ముద్ద ముట్టను. కానీ జల్దీ రావాల్నని ఉరకకు" అంది వెళ్ళేముందు. డిసెంబరు చలికి మొదటి గంట వేళ్ళు కొంకర్లు పోయాయి. జూలూరుపాడులో ఇడ్లీ తిని, చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వేడి చేసుకున్నాను. అక్కడి దాకా కొత్త టేపు మెత్తదనం ప్రాణానికి హాయిగా ఉంది.

ఎండ ఎక్కాక కొత్తగూడెం దాటుతుంటే ఏదో తేడా తెలిసింది. బొగ్గు లారీ పక్కనుంచి పోయినప్పుడు గట్టిగా పట్టుకుంటే కుడి చేతి కింద టేపు మొత్తం గుండ్రంగా తిరిగింది. వేడికి లోపలి ఆముదం పలచబడి జిగురును విడదీసింది. పాల్వంచ దాటి అడవి మొదలయ్యేసరికి చుట్లు విడిపోయి పసుపు పూసిన ఇనుము బయటపడింది. ఒక దిగుడులో మేకలు అడ్డం వచ్చాయి. బ్రేకు పట్టబోతే చేయి జారి సైకిల్ రోడ్డు దిగి పొదల్లోకి పోయింది. నాకు ఏమీ కాలేదు, కానీ ఆ చేతులతో ఇంకా అరవై కిలోమీటర్లు పోలేనని అర్థమైంది.

కొంత దూరం నడిపించుకుంటూ వెళ్తే తాటాకుల పందిరి కింద చిన్న హోటల్ కనిపించింది. నేను చేరేసరికి భద్రాచలం బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ సైకిల్ వంక చూశాడు.

"ఖరాబైందా చెల్లె? ఎక్కు, సైకిల్ పైన ఏస్తం."

"వద్దన్నా. బస్సు ఎక్కొద్దని మొక్కు."

"బస్సు ఎక్కొద్దని మొక్కా? మా డిపోల చెప్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వదు" అని, అయినా ఇంకోసారి "నిజంగనే వద్దా?" అని అడిగాడు. భద్రాచలంలో బస్సు మారితే రెండు గంటల్లో అమ్మ ముందు ఉండొచ్చు, ఆమె అన్నం తినొచ్చు. నోటిదాకా వచ్చిన 'సరే'ను మింగేశాను. ఆయన విజిల్ వేశాడు.

హోటల్ నడిపే ముత్తమ్మ అక్క చాయ్ ఇస్తూ ముక్కు ఎగబీల్చింది. "ఏంది, సైకిల్‌కు తలంటు పోసినవా?"

జరిగింది చెప్పాను. ఆమె నవ్వలేదు. "తల్లి పూసిందాయె" అంది. ఆమె పొయ్యి దగ్గర గిన్నెలు తోమే బూడిద, కొబ్బరి పీచు కనిపించాయి. చిన్నప్పుడు బడికి పోయేముందు రోజూ నేను తోమిన గిన్నెల జిడ్డు గుర్తొచ్చింది. "అక్కా, జర బూడిద, ఏడినీళ్ళు ఇస్తవా?" అన్నాను.

జిగురు పట్టకపోవడం వల్లే టేపు చిరగకుండా ఊడి వచ్చింది. అది నా అదృష్టం. అక్క వేడినీళ్ళు పోస్తుంటే హ్యాండిల్‌ను బూడిదతో రెండుసార్లు తోమాను. టేపుకూ బూడిద అద్ది జిడ్డు దులిపాను. అక్క టేపు పట్టుకుంది, ఈసారి ఇంకా బిగించి చుట్టాను. మిగిలిన కరెంటు టేపు ఇంట్లోనే మరచిపోయానని చివర్లో తెలిసింది. అక్క లోపలికి పోయి పాత చీర ఎర్ర అంచు చింపి తెచ్చి, రెండు కొసలూ తనే ముడి వేసింది. డబ్బులు తీస్తే "చాయ్ పైసలు ఇయ్యి చాలు. బూడిదకు పైసలేంది, రోజు పారబోసుడే" అంది.

అక్కడ గంటకు పైగానే పోయింది. గోదావరి వంతెన మీద గాలి సైకిల్‌ను పక్కకు నెట్టింది కానీ టేపు కదల్లేదు. భద్రాచలంలో భోజనానికి ఆగలేదు. అమ్మ తినకుండా ఉంటే నాకు ముద్ద దిగేలా లేదు. అరటిపళ్ళు తిని దుమ్ముగూడెం దారి పట్టాను. జిగురు లేని టేపు జారకుండా గట్టిగా పట్టుకుని తొక్కీ తొక్కీ అరచేతులు మండుతున్నాయి. పర్ణశాల చేరేసరికి మూడు దాటింది.

అమ్మ ఆటోలు ఆగే చోట గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది కానీ ముందు సైకిల్ దగ్గరికే పోయింది. ఎర్ర ముడి తడిమింది. బ్రేకు సందులో ఇరుక్కున్న బూడిదను వేలితో తీసి చూసింది.

"ఆముదం జారిందా?"

"అవ్."

"బస్సు ఎక్కినవా?"

"లేదమ్మా."

"మరి పూయొద్దని నాకు జెప్పొద్దా, చదువుకున్నదానివి?"

"నువ్వు పూసినంక గదా నేను చూసిన."

అమ్మ నా చేతులు తీసుకుని తిరగేసింది. బొబ్బలు చిట్లి ఎర్రగా ఉన్నాయి. వాటి మీద మెల్లగా ఊదింది. తర్వాత "నా కాళ్ళకు రావాల్సిన బొబ్బలు నీ చేతులకు వచ్చినయ్ బిడ్డా" అంది. "తీరిపోయింది. నడు, దర్శనం చేసుకుని తిందాం."

ఆ రోజు నన్ను పర్ణశాల చేర్చింది నా కాళ్ళు మాత్రమే కాదని ఇది రాస్తుంటే ఇంకా బాగా అనిపిస్తోంది. తక్కువకే సైకిల్ ఇచ్చిన స్నేహితురాలు, వద్దన్నా రెండోసారి అడిగిన కండక్టర్, చీర అంచు చింపిన ముత్తమ్మ అక్క, నాలుగు గంటలకే లేచి నాకు నీళ్ళు కాచిన అమ్మ, అందరూ నాతో వచ్చారు. టేపు తర్వాత మార్చాను, ఈసారి నలుపు. ఎర్ర గుడ్డ ముక్కలు మాత్రం విప్పలేదు, కొత్త టేపు మీద మళ్ళీ కట్టుకున్నాను.

మీరూ ఈ దారిన వెళ్ళేముందు టేపు మారుస్తుంటే, చుట్టే ముందు హ్యాండిల్‌ను సబ్బుతోనో బూడిదతోనో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఇంట్లో అమ్మ ఉంటే పసుపు కుంకుమలు తప్పకుండా పెట్టించుకోండి, కానీ టేపు చుట్టడం అయ్యాక, బెల్లు మీద.