బోనం నాటి పొద్దుటి మందు

పోయిన వారం కేతేపల్లిలో మా మేనత్త మనవరాలికి చీర కట్టించే ఫంక్షన్. భోజనాల దగ్గర నా భార్య మా బిడ్డకు పప్పన్నం మెత్తగా పిసికి తినిపిస్తోంది. బిడ్డ చక్రాల కుర్చీలో కూర్చొని పందిట్లో ఊగే రంగు కాగితాలను చూస్తోంది. మేనత్త పక్కావిడతో, మాకు వినపడేలాగే అంది: "పిల్లకు మందు మంచిగనే నడుస్తుండె. గీమెనే డాక్టర్ కంటె ఎక్కువైంది. మందు మార్పిచ్చి ఫిట్సు తెప్పిచ్చింది."

చేతిలో ముద్దను విస్తట్లో పెట్టేశాను. "అత్తా, ఆ పొద్దు మందు ఎయ్యంది నేను. ఆమె తప్పేం లేదు" అన్నాను, బంతిలో కూర్చున్న వాళ్లంతా వినేటట్టు.

మేనత్త నవ్వింది. "ఇగో సూడుండ్రి, పెండ్లాన్ని ఎట్ల ఎనకేసుకొస్తుండో!" బంతి బంతంతా నవ్వింది. ఒక పెద్దాయన "గట్లనే ఉండాలె బిడ్డా" అని మెచ్చుకున్నాడు కూడా. నేరం ఒప్పుకుంటే మెచ్చుకోలు దక్కడం ఎంత మంటో ఆ రోజు తెలిసింది. నోటితో చెబితే నమ్మలేదు కనుక రాస్తున్నాను.

మాది మర్రిగూడ దగ్గరి పల్లె. మా బిడ్డ ఏడాదిన్నర వరకు "బాపూ" అనేది, "పాలు" అనేది. తర్వాత ఒక్కో మాటా రాలిపోయింది. బొమ్మను పట్టుకునే చేతులు, బట్ట పిండుతున్నట్టు, ఒకదాన్నొకటి రుద్దుకోవడం మొదలుపెట్టాయి. నడక తడబడింది. మా వైపు పిల్ల నడక తడబడితే ఎవరి నోట్లోనైనా ముందు వచ్చేది నీళ్లలోని ఫ్లోరైడ్ మాటే. నేనూ అదే అన్నాను. మోటారు సైకిల్‌కు రెండు పక్కలా డబ్బాలు కట్టి ఎక్కడెక్కడి నుంచో నీళ్లు మోశాను. "నీళ్లతోనైతే నోట్ల మాటెందుకు పోతది?" అని అడిగింది నా భార్య ఒక్కతే. చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరు దానికి రెట్ సిండ్రోమ్ అని పేరు చెప్పాడు. పుట్టుకతోనే జన్యువులో వచ్చిన మార్పు, నీళ్ల తప్పూ కాదు, తల్లి తప్పూ కాదు అన్నాడు. మావాళ్లు నీళ్లను వదిలేశారు. తల్లిని వదల్లేదు.

తర్వాత ఫిట్స్ మొదలయ్యాయి, సిరప్ రాశారు. ఫిట్స్ తగ్గాయి, వాటితో పాటు బిడ్డా తగ్గిపోయింది. నోట్లో ముద్ద ఉండగానే కునుకు, చొంగతో తడిసిన గౌను. మాట పోయిన పిల్లకు కళ్లే నోరు. దాహమేస్తే చెంబును చూసి మమ్మల్ని చూసేది. ఇప్పుడు ఆ కళ్ల మీదా మూత పడింది. ఇంట్లో మాత్రం అందరికీ సంతోషం.

"ఇప్పుడు బుద్ధిగ ఉంటాంది బిడ్డ" అనేది మా అమ్మ.

"అది బుద్ధి కాదు అత్తమ్మా, మత్తు" అనేది నా భార్య.

ఆమే పట్టుబట్టి డాక్టరుకు చెప్పింది. ఆయన పాత మందును మెల్లగా తగ్గిస్తూ కొత్తది మొదలుపెట్టాడు. ఒక్క పూట కూడా తప్పొద్దని గట్టిగా హెచ్చరించాడు.

అంతలో మైసమ్మ బోనాలు వచ్చాయి. ఇంటి కోడలు కనుక బోనం నా భార్యే ఎత్తుకోవాలి. గడప దాటుతూ "పిల్లకు జర తినిపిచ్చి మందెయ్యి, మర్చిపోకు" అంది. నేను గిన్నె తీయగానే మా అమ్మ అడ్డం వచ్చింది. "అమ్మోరికి బోనం ఎక్కకముందు ఎవ్వరు ఎంగిలి పడొద్దు. ఒక్క పూట ఆలిశమైతే ఏమైతది?" మందు వేయాలంటే తిండి పెట్టాలి, తిండి పెట్టాలంటే బోనం ఎక్కాలి. ఆ లెక్క నాకు సబబుగానే తోచింది. గిన్నె మూత పెట్టేశాను. డప్పుల వెనక బోనాలు ప్రతి వాకిట్లో ఆగాయి, ప్రతి వాకిట్లో కాళ్లకు నీళ్లు పోశారు. పసుపు కాళ్లతో నా భార్య తిరిగొచ్చేసరికి బిడ్డ నా ఒళ్లో ఫిట్స్‌తో కొట్టుకుంటోంది.

"మందు ఏసినవా?"

"ఏసిన" అన్నాను. చుట్టూ జనం ఉన్నారు. గోడకానుకొని నిలబడ్డ మా అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

నల్లగొండ దవాఖానకు ఆటోలో తీసుకుపోయాం. మందు పడ్డాక కూడా ఫిట్స్ వచ్చిందంటే కొత్తది పనిచేయనట్టే అనుకొని హైదరాబాద్ డాక్టరు పాతదే, ఇంకాస్త పెంచి రాశాడు. బిడ్డ మళ్లీ మత్తులోకి జారింది. ఆ ఏటి పత్తి ఏరడం అయిపోయి, మళ్లీ విత్తే దాకా అట్లాగే ఉంది. వచ్చిన చుట్టమల్లా తల్లినే తిట్టిపోయాడు. మందు ఎవరు వేయాల్సి ఉండె అని నన్ను ఒక్కరూ అడగలేదు. తండ్రి చేతిలో మందు సీసా ఉంటుందన్న ఊహే లేదు వాళ్లకు. ఆ లేకపోవడంలో నేను సుఖంగా దాక్కున్నాను.

ఒకసారి డాక్టరు ముందు ఆమె "తప్పు నాదే సారూ, నేనే మార్చమన్న" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ పొద్దు మందు వేయలేదని అప్పుడు చెప్పాను. డాక్టరు పాతదాన్ని తగ్గిస్తూ మళ్లీ కొత్త మందు రాశాడు.  బస్‌స్టాండ్‌లో ఆమె అడిగింది: "సారుకు చెప్పినవు. నన్ను అన్నోళ్లకు ఎప్పుడు చెప్తవు?"

చెబుదాంలే అనుకున్నాను. ఈ పండుగ పోనీ, ఈ పెళ్లి కానీ అనుకున్నాను. ఆ లోపల అబద్ధం ఎంత ముదిరిందంటే, ఇప్పుడు నిజం చెబితే నన్ను మంచి మొగుడంటున్నారు.

బిడ్డ నెమ్మదిగా మేలుకుంది. ఒక పొద్దున చెంబును చూసింది, తర్వాత వాళ్లమ్మను చూసింది. ఆ రోజు నా భార్య పెట్టెలో దాచిన గౌన్లన్నీ తీసి వేసి చూస్తే ఒక్కటీ పట్టలేదు, అన్నీ పొట్టివైపోయాయి. డాక్టరుకు రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నేను జరిపిన కాలమంతా మా బిడ్డ బాల్యమే.