పది ఫారాలతో నగరికి

ఉదయం అయిదున్నరకు హాస్టల్ గేటు దగ్గర రిక్షా ఎక్కాను. కాళ్ళ దగ్గర గోనెపట్టాలో చుట్టిన మిషను, ఒళ్ళో డైరీ, డైరీలో పది టైపు ఫారాలు. తిరుపతి నుంచి నగరికి వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావడం పెద్ద ప్రయాణమేమీ కాదు. కానీ మా కోర్సులో నా తర్వాత చేరేవాళ్ళు ఇలాంటి పని మీదే ఈ దారిన పోవాల్సి రావచ్చు. అందుకని గంటలతో సహా రాసిపెడుతున్నాను.

మాది కొత్త పీజీ కోర్సు. ఇంజనీరింగు, కామర్స్, హోమ్ సైన్స్ చదివినవాళ్ళు ఒకే గదిలో కూర్చుని, ఏదో ఒక కంపెనీతో కలిసి కొత్త వస్తువు తయారుచేయాలి. నా జోడీ ప్రభాకర్, మెకానికల్. మా ఇద్దరికీ రేణిగుంట దారిలోని ఒక చిన్న కంపెనీ అప్పగించిన పని, మగ్గాల ఇళ్ళలో ఆడవాళ్ళు కండెలు చుట్టుకోవడానికి ఒక మిషను. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్ట. ఇప్పటిదాకా చేత్తో రాట్నం తిప్పి చుడుతున్నారు. మేము చేసింది కాలితో తొక్కేది.

నగరిలో పది ఇళ్ళలో దాన్ని వాడి చూపించి, ఫారంలోని అయిదు ప్రశ్నలూ నింపి, బాగుందని పది సంతకాలు తేవాలి. తెస్తే కంపెనీ మిషన్లు తయారుచేస్తుంది, మా రెండో ఏడాది చదువు ఖర్చు పెట్టుకుంటుంది. తేకపోతే మా రెండు సీట్లూ ఉండవు. ఈ మాట వర్క్స్ మేనేజరు గారు మొహం మీదే చెప్పారు. సరిగ్గా అప్పుడే ప్రభాకర్‌కు కామెర్లు వచ్చాయి. ఆడపిల్లను ఒక్కదాన్నే ఎలా పంపడమని మా ప్రొఫెసర్ గారు తటపటాయించారు. వేరే అబ్బాయిని చూద్దామన్నారు. ఏడాదంతా క్లాసులో నోరు విప్పని నేను, "నేను పోతాను సార్" అన్నాను. ఆయన మళ్ళీ అడిగి ఉంటే ఆ ధైర్యం మిగిలేది కాదేమో. అడగలేదు.

ఆరుంబావుకు బస్సు కదిలింది. సామాను ఉన్నవాళ్ళు డ్రైవరు వెనక సీటు పట్టుకోవడం మంచిది. కండక్టరు గోనెపట్టాను చేత్తో తడిమి, కుట్టుమిషనని తేల్చి, దానికీ టికెట్టు కొట్టాడు. కాదని వాదించలేదు. ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ తగులుతుందని మాత్రం అప్పుడే తెలిసింది.

వడమాలపేటలో ఒక ఆలుమగల జంట ఎక్కింది. ఆయన చేయి తుండుగుడ్డతో మెడకు వేలాడుతోంది. పుత్తూరులో కట్టు కట్టించుకోవడానికి పోతున్నారు. ఆమె నా పక్కన కూర్చుని, గోనెపట్టా గురించి అడిగి, తర్వాత నా చదువు గురించి అడిగింది. కొత్త వస్తువులు కనిపెట్టే చదువు అని చెప్పాను.

"దానికి సదువెందుకు మా?" అంది ఆమె. "మా ఆయన దినానికొగ సాకు కనిపెడతాడు. ఏం సదివినాడని?"

ఆయన విరిగిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, "ఈ సారి సాకు గాదు గదే, ఇరిగిందే" అన్నాడు. ముందు సీట్లవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

పుత్తూరులో బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. వాళ్ళిద్దరూ దిగిపోయారు. బస్టాండు పక్క హోటల్లో రెండు ఇడ్లీ, కాఫీ తీసుకున్నాను. కాఫీ బాగుంటుంది, ఇడ్లీకి తొందరపడకండి, రెండో వాయి దాకా ఆగండి. తొమ్మిదింటికి పావుగంట ఉండగా నగరిలో దిగాను.

మగ్గాల వీధిని ఎవరినీ అడగక్కర్లేదు, చప్పుడు పట్టుకుని పోవచ్చు. ముందే ఉత్తరం రాసి ఉన్నాం కనుక మొదటి ఇంటి వల్లియమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. ఆమె కొడుకు లోపల గుంట మగ్గం మీద ఉన్నాడు. కోడలు సెల్వి రాట్నం దగ్గర నేల మీద కూర్చుని కండెలు చుడుతోంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో నెలల బిడ్డ.

మిషను బిగించడానికి అరగంట పట్టింది. సెల్వి స్టూలు మీద కూర్చుని పెడలు తొక్కింది. రాట్నం మీద ఒక కండె అయ్యే సేపట్లో రెండు అయ్యాయి. మగ్గం ఆపి భర్త తొంగిచూశాడు. ఫారాలు బయటకు తీశాను.

అప్పుడు బిడ్డ ఏడ్చింది. సెల్వి పెడలు వదిలి లేచి ఉయ్యాల ఊపింది. వచ్చి కూర్చుంది. మళ్ళీ ఏడ్చింది. మూడోసారి ఆమె స్టూలు దిగి, నేల మీద రాట్నం ముందు కూర్చుని, కాలు చాపి, ఉయ్యాల నుంచి వేలాడుతున్న తాడు ఉచ్చును బొటనవేలికి తగిలించుకుంది. కుడిచేయి రాట్నం తిప్పుతోంది, ఎడమచేయి నూలు సర్దుతోంది, కాలు ఉయ్యాల ఊపుతోంది. ఏడుపు ఆగింది.

మా మిషను నక్షా డైరీలోనే ఉంది. రెండు నెలల కిందట ఇలాంటి రాట్నాన్నీ, దాన్ని తిప్పే ఒక అమ్మాయినీ కాలేజీకి పిలిపించి, గడియారం పెట్టి కొలిచాం. రాట్నం వచ్చింది, ఉయ్యాల రాలేదు. నక్షా మీద నా దస్తూరీతో రాసి ఉంది: కుడిచేయి, చక్రం. ఎడమచేయి, నూలు. కాళ్ళు, ఖాళీ. ఆ మాట చూసే ప్రభాకర్ పెడలు పెట్టాడు.

అది చదివి వినిపించాను. దాచడం చేతకాలేదు.

"కాళ్ళు కాళీగా ఉండాయని ఎవురు సెప్పినారు పాపా?" అంది వల్లియమ్మ.

"నేనే" అన్నాను.

ఆమె కోప్పడలేదు. సెల్వి ఉయ్యాల తాడును పెడలుకే కట్టి చూసింది. పెడలు వేగానికి ఉయ్యాల గిలకలా ఊగితే, అత్తగారు గబుక్కున పట్టుకుని, బిడ్డకు కక్కులొస్తాయని విప్పేసింది. "రెండు పన్లు ఒగే కాలు ఎట్లా సేస్తాదిలే అక్కా" అంది సెల్వి, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఫారంలో ఏముందని అడిగితే అదీ చెప్పాను. సీట్ల సంగతి కూడా. వల్లియమ్మ బొటనవేలు చాపింది. "యాడ ఏలుముద్ర ఎయ్యాలో సూపియ్యి. తక్కిన ఇండ్లకు నేనే పిల్సుకోని పోతా. మిషను ఒగ మూల పడుంటాదిలే. నీ సదువు పోగూడదు గదా."

స్టాంపు ప్యాడు నా చేతిలోనే ఉంది. మూత తీస్తే పదకొండు గంటలకల్లా పని ముగిసేది. ఎవరూ నన్ను తప్పుపట్టేవారు కాదు. కానీ నేను రాసిన ఒక అబద్ధం మీద పెడలు మొలిచింది. దాని మీద ఇంకో పది అబద్ధాలు, అదీ వీళ్ళ వేళ్ళతో వేయించడమంటే నాకు ఒళ్ళు మండింది. మేనేజరు మీద కాదు, నా మీదే. ఫారం తిప్పాను. వెనకవైపు తెల్లగా ఉంది.

నకలు కోసం కంపెనీవాళ్ళే ఇచ్చిన కార్బన్ కాగితాన్ని ఫారానికీ నా డైరీ పేజీకీ మధ్య పెట్టి, సెల్వి కాలు ఏం చేస్తుందో రాశాను. చదివి వినిపించి, ఇది నిజమేనా అని అడిగాను. నిజమేనని సెల్వి సంతకం చేసింది.

తర్వాత తొమ్మిది ఇళ్ళు వల్లియమ్మే తిప్పింది. ఒకచోట ముసలామె చిలపగా చుట్టిన నూలుకట్ట తగిలించిన చట్రం కదలకుండా మడమతో అదిమి పెట్టుకుంది. ఇంకోచోట గంజి కుండలో మూతి పెట్టబోయే మేకను కాలితో నెట్టడం పనిలో భాగమే. మరొకామెకు పాదం వాచి ఉంది. ఒక ఇంట్లో మాత్రం కాళ్ళు నిజంగానే ఖాళీ. ఆమెకు మిషను నచ్చింది. అదీ రాశాను. మధ్యాహ్నం వల్లియమ్మ పెట్టిన సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాను. ఆ ఊరిబిండి కారానికి కళ్ళనీళ్ళు వచ్చాయి, అందరి ముందూ ఏడవడానికి ఒక సాకు దొరికింది.

మూడింటికి మేనేజరు గారు మిషను తీసుకుపోవడానికి జీపులో వచ్చారు. ఫారాలు ఇచ్చాను. ముందువైపు చూశారు, వెనక్కి తిప్పారు, పది సంతకాలూ అక్కడున్నాయి.

"అయిదు ప్రశ్నలున్నాయి కదమ్మా. కాళ్ళ గురించి ఎవరు అడగమన్నారు?"

"ఎవరూ అడగలేదు సార్. అదే తప్పు."

"మిషను సంగతి ప్రభాకర్ చూసుకుంటాడు. నువ్వు హోమ్ సైన్స్. సంతకాలు తెస్తే చాలన్నాను." నా సీటు గుర్తుందా అని అడిగారు.

"గుర్తుంది సార్. కాళ్ళు ఖాళీ అని రాసింది నేను. దిద్దేది కూడా నేనే. ముందువైపు మాత్రం నింపను."

ఇవి ఫైలుకు ఎక్కవని చెప్పి ఆయన ఫారాలను నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నారు. దారిలో ఆలోచించుకోవచ్చు, జీపులో రమ్మన్నారు. రైలుకు పోతానన్నాను. వల్లియమ్మ అరుగు మీద నుంచి అంతా విని, జీపు పోయాక, "మెత్తంగా ఉండావనుకుంటిని" అని మాత్రం అంది. ఒక కండె నా చేతిలో పెట్టింది.

ఏకాంబరకుప్పం స్టేషనుకు జట్కాలో పోయాను. అరక్కోణం నుంచి వచ్చే ప్యాసింజరు నలభై నిమిషాలు ఆలస్యం. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ దొరికింది. ఎదురుగా ఒకామె నిద్రపోతూ కూడా మల్లెపూల గంపను పాదంతో ఆపుకుంటోంది. ఆమె పక్కనున్న పిల్ల కాలివేళ్ళతో చెప్పు జారిపోకుండా పట్టుకుని ఉంది. ఎన్నోసార్లు రైలెక్కాను, మనుషుల కాళ్ళ వంక ఇలా ఎప్పుడూ చూడలేదు.

డైరీ తెరిచాను. పది పేజీల్లో పది ఇళ్ళు, నీలం కార్బన్ మరకలతో, సంతకాలతో సహా ఉన్నాయి. ఆయన జేబులో ఏముందో నా ఒళ్ళోనూ ఉంది. నక్షా తీసి "ఖాళీ" అన్న మాట కొట్టేశాను. దాని పక్కన ఏం రాయాలో పదిరకాలుగా తోచింది, చోటు చాలలేదు.

రేపు పది గంటలకు క్లాసుంది. ప్రొఫెసర్ గారు ఏమైందని అడిగేలోపే లేచి నిలబడి ఈ పది పేజీలూ చదువుతాను. సీటు తీసేస్తే తీసేయనీ. విన్న తర్వాతే తీసేయాలి.

మీరెవరైనా ఈ పని మీద పోతే పొద్దున ఆరుంబావు బస్సుకే పొండి. తొలిరోజు మిషను తీసుకుపోకండి. గడియారం కూడా బయటకు తీయకండి. ఒక మూల కూర్చుని సాయంత్రం దాకా చూడండి.

పుత్తూరు దాటాక కండె ఒళ్ళోంచి జారి కింద దొర్లింది. చేతులు రాస్తూ ఉన్నాయి. చెప్పు విడిచి, దాన్ని పాదంతో ఆపుకుని, రాస్తూనే ఉన్నాను.