సింహం బొమ్మ వెనుక మనిషి

మా నాయన జీవితంలో ఒక్కసారే కెమెరా ముందు మాట్లాడాడు. నిమిషం కూడా లేదు. ఆ ఏడాది తోతాపురి మామిడికాయ ధర పడిపోయింది. బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు, హైవే పక్కన ట్రాక్టర్లు బారులు తీరి నిలబడ్డాయి. మూడో రోజుకు కూడా నాయన ట్రాక్టరు లోపలికి పోలేదు. అడుగున పడ్డ కాయ మగ్గి రసం కారుతోంది. లోకల్ న్యూస్ పేజీ విలేకరి మైకు పట్టుకుని వచ్చేసరికి, వరుసలో ఉన్నవాళ్లు పెద్దవాడని నాయనను ముందుకు తోశారు.

"మూడు దినాలుగా ఈడే పండుకోని ఉండామప్పా. కాయ సూడు, ఎట్ల కారిపోతా ఉండాదో. లోపలికి ఇడిస్తే ఏదో ఒక రేటుకు పోసేసి పోతాము. ఇడవకపోతే యాడికి పోవాల మేము?" అన్నాడు. చెయ్యెత్తి ట్రాక్టరును చూపించాడు. అంతే.

నాకు చిత్తూరులో కోర్టు దగ్గర జెరాక్స్ అంగడి ఉంది. అర్జీలు, అఫిడవిట్లు టైపు చేసిస్తాను. వీడియో ఫోన్లోకి వచ్చినప్పుడు అంగట్లోనే ఉన్నాను. నాయన గొంతు అలా నలుగురూ వింటుంటే గర్వంగా అనిపించి, తెలిసినవాళ్లందరికీ పంపాను.

మర్నాడు పొద్దున చూస్తే వీడియో కింద అన్నిటికంటే పైన ఒక కామెంటు. నాయన చెయ్యెత్తినప్పటి ఫోటో ఒకటి పట్టి, మణికట్టు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టారు. "రైతు చేతికి ఇంత మెరిసే వాచీయా? రైతా, నటుడా? ఏ పార్టీ ఎంత ఇచ్చిందో. ఆలోచించండి మేధావులారా." రాసినవాడికి మొహం లేదు. మొహం ఉండాల్సిన చోట ఒక సింహం బొమ్మ.

ఆ వాచీ అంగడి పెట్టిన మొదటి ఏడాది నేను కొనిచ్చింది. ఆ మాటే అక్కడ రాశాను. నా ఖాతాకు మందారపువ్వు బొమ్మ, ఇంట్లో పిలిచే పేరు. ఆయన మా నాయన అని, వాచీ కొన్నది నేనని రాస్తే సింహం వెంటనే జవాబిచ్చింది. "కూతురు కూడా నటన నేర్చుకుందే. తల్లీ, నీకెంత ముట్టింది?" దాని కింద నవ్వు బొమ్మలు. ఆ తరువాత ఇంకెవరెవరో రాసినవి ఇక్కడ రాయలేను.

సాయంత్రానికల్లా ఆ ఎర్ర సున్నా ఫోటో మా ఊరి వాళ్ల ఫోన్లలోకి చేరింది. నాయన రోజూ పొద్దున టీ అంగడికి పోయి, పేపరు పైకి చదివి నలుగురికీ వినిపించేవాడు. "ఏమప్పా ఆర్టిస్టు, ఈ పొద్దు షూటింగు లేదా?" అని అడగడం మొదలుపెట్టారు. కలిసి పెరిగినవాళ్లే. పగతో అన్నది కాదు. నాయన రెండు రోజులు వాళ్లతో పాటు నవ్వాడు. మూడో రోజు వాచీ తీసి బీరువాలో పెట్టేశాడు. వారం తిరిగేసరికి టీ అంగడికి పోవడం మానేశాడు.

"ఎందుకు పోలేదు నాయనా?" అంటే, "టీ తాగితే కడుపులో మంటమ్మా" అన్నాడు. పొద్దున పూట ఆవుల కొట్టం దగ్గర మంచం వేసుకుని, పేపరు మడిచి పక్కన పెట్టి కూర్చునేవాడు. చదవడం కూడా తగ్గించాడని అమ్మ చెప్పింది.

అప్పుడే అనుకున్నాను, ఈ సింహం ఎవరో కనుక్కుంటానని. కనుక్కుని ఏం చేస్తానో తెలియదు. కనుక్కోవడం మాత్రం ఖాయం.

ఏడాది పాటు ఆయన రాసిన ప్రతి ముక్కా చదివాను. గుంతల రోడ్డు వార్త, బస్సు చార్జీల వార్త, ఎన్నికల వార్త, దేని కిందికైనా వచ్చేవాడు. ఎవరు ఏడుస్తుంటే తప్పు వాళ్లదే. కాన్పుకు ఆటోలో పోతూ దారిలోనే ప్రసవించిన ఆడమనిషిని కూడా వదల్లేదు, ముందే బయలుదేరి ఉండాల్సింది కదా అని రాశాడు. నేను ఎదురు రాస్తే నన్ను తిట్టేవాడు. రాసిందల్లా ఫోటో పట్టి ఒక ఫోల్డర్‌లో దాచుకున్నాను. ఆయన రాత కూడా నాకు పట్టుబడింది. 'నిష్పక్షపాతంగా' అనే మాటను ఎప్పుడూ 'నిస్పక్షపాతంగా' అని రాస్తాడు. మేధావులు లేకుండా ఏ కామెంటూ ముగించడు.

మరుసటి ఎండాకాలం ఒక పెద్దాయన అంగట్లోకి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెడలో దారానికి కళ్లజోడు.

"అమ్మా, అర్జీ ఒకటి టైపు సెయ్యాల. సోమవారం కలెక్టరాఫీసులో ఇయ్యాల" అని చేత్తో రాసిన రెండు కాగితాలు ఇచ్చాడు.

వాళ్ల వీధికి ఇరవై రోజులుగా కొళాయి నీళ్లు రావడం లేదు. ఇంట్లో బోరు ఎండిపోయింది. మిద్దె మీది రెండు ట్యాంకులూ ఖాళీ. మోకాలి ఆపరేషను అయిన భార్య రెండు వీధుల అవతలి నుంచి బిందెలు మోస్తోంది. టైపు చేసుకుంటూ పోతున్నాను. రెండో కాగితం మధ్యలో 'నిస్పక్షపాతంగా విచారించి' అని ఉంది. నా వేళ్లు ఆగిపోయాయి. ఆ తప్పు ఎందరో చేస్తారని సర్దిచెప్పుకున్నాను. చివరి వరుసకు వచ్చాను. 'మేధావులైన అధికారులు ఆలోచించవలసిందిగా ప్రార్థన.'

"ఎండిపోయిన కొళాయిల ఫోటోలు కూడా పెట్టాల తల్లీ" అన్నాడు.

"నా నంబరుకు పంపండి సార్."

ఫోన్ మోగింది. ఫోటోల పైన, ఆయన పేరు పక్కన, గుండ్రటి గడిలో అదే సింహం. కుడికన్ను సగం తెగిపోయి, ఏడాదిగా నేను చూస్తున్న సింహం.

ఫోన్ బల్ల మీద బోర్లించాను. ఎదురుగా కూర్చున్న మనిషి మాత్రం అర్జీ మీద కళ్లు పెట్టుకుని, "ఫ్యాను తిరగలేదే, ఈ ఎండకు ఎట్ల కూసుంటావు బిడ్డా?" అని జాలిపడుతున్నాడు. ఆ జాలి నన్ను మరీ మండించింది. ఎదుట కూర్చున్న మనిషి మీద ఇంత దయ చూపగలవాడు మా నాయన మీద ఎందుకు చూపలేదు?

అర్జీ పూర్తి చేసి, అలవాటు కొద్దీ తప్పులు దిద్ది ప్రింటు తీశాను. అప్పటికే ఏం చేయాలో తెలిసిపోయింది.

"సార్, కాగితంతో పని జరగదు. మీరొకసారి న్యూస్‌లో మాట్లాడండి. నాకు తెలిసిన విలేకరి ఉన్నాడు" అన్నాను. నాయనతో మాట్లాడించిన విలేకరే. నా దగ్గరే జెరాక్సులు తీయించుకుంటాడు. అక్కడికక్కడే ఫోన్ చేసి ఇచ్చాను. పెద్దాయన రెండు చేతులూ జోడించి పోయాడు.

మర్నాడు వీడియో వచ్చింది. ఇంటి ముందు ఖాళీ బిందె పట్టుకుని నిలబడ్డాడు. వెనక వీధి ఆడవాళ్లు. పైన మిద్దె మీద రెండు నల్లటి ట్యాంకులు. మధ్యాహ్నం అంగడి తలుపు సగం దించి, అన్నం క్యారియర్ పక్కకు నెట్టి, ట్యాంకుల చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాను. "మిద్దె మీద రెండు ట్యాంకులు. నీళ్లు లేవంట. బాధితుడా, నటుడా? ఏ పార్టీ ఎంత ఇచ్చిందో. ఆలోచించండి మేధావులారా." మందారపువ్వు పేరుతోనే పెట్టాను. ట్యాంకులు ఖాళీ అని నాకు తెలుసు. ఆ వరుస టైపు చేసింది నేనే.

జనం ఎగబడ్డారు. సింహమే వచ్చి సంజాయిషీ మొదలుపెట్టింది. ఆ మనిషిని నేనే, ట్యాంకులు ఖాళీ, దయచేసి నమ్మండి అని. దాంతో, ఏడాదిగా ఆయన దగ్గర మాటలు పడ్డవాళ్లందరికీ సింహం మొహం దొరికింది. "సింహానికి దాహమేసిందా?" అన్నాడొకడు. "ముందే పట్టి పెట్టుకోని ఉండాల్సింది కదా" అని ఇంకొకరు. ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కల్లా ఒక్కొక్కటీ చప్పరిస్తూ చదివాను. ఆ నాలుగు రోజులు నాకు హాయిగా నిద్ర పట్టింది.

అయిదో రోజు ఆయన వచ్చాడు. గడ్డం గీసుకోలేదు.

"ఇంకో అర్జీ రాయాలమ్మా. పోలీసోళ్లకు. ఎవరో నా మీద లేనిపోనివి రాసినారు. సదువు, నువ్వే సూడు" అని ఫోన్ ఇచ్చాడు.

నేను రాసిన కామెంటును మాటమాటకూ ఆగి, పైకి చదివి వినిపించాను. చదివి ఫోన్ బల్ల మీద పెట్టి, "ఇది రాసింది నేనే సార్" అన్నాను.

ఆయనకు మొదట అర్థం కాలేదు. తరువాత కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వా? నేను నీకేం సేసినాను తల్లీ?"

ఫోల్డర్ తెరిచి నాయన ఫోటో చూపించాను. కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"ఎవరీయన?"

"మా నాయన."

"ఇది నేను రాసినానా?"

"పేరు సూడండి. సింహాన్ని సూడండి."

"గుర్తు లేదమ్మా" అన్నాడు. "దినానికి పది ఇరవై రాస్తా ఉంటాను. పని లేక. ఇది మాత్రం గుర్తు రాలేదు."

కోప్పడతాడని, అబద్ధమాడతాడని, కాళ్లబేరానికి వస్తాడని రకరకాలుగా ఊహించుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను. గుర్తు లేదంటాడని మాత్రం ఊహించలేదు. మా నాయన ఏడాదిగా కొట్టం దగ్గర కూర్చున్నాడు. ఈయనకు ఆ మొహమే గుర్తు లేదు. నా కోపం తగ్గలేదు, రెట్టింపయింది.

"నన్ను అన్నావు, సరే" అన్నాడు ఆయన. "మా వీధి ఆడోళ్లేం సేసినారు? నీళ్లు ఇడిసే ఆయప్ప నిన్న వచ్చినాడు. ట్యాంకులు పెట్టుకున్న వీధికి ఏం తొందరలే అని నవ్వి పోయినాడు. అందరూ నన్నే తిడతా ఉండారు."

ఆ ఆడవాళ్ల సంగతి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"వాళ్లకు ఇంకో అర్జీ నేను రాస్తాను. ముందు మీరు ఇది రాయండి" అని తెల్లకాగితం, పెన్ను ముందు పెట్టాను. నాయన వీడియో కింద, సొంత పేరుతో, సింహాన్ని తీసేసి సొంత మొహంతో క్షమాపణ పెట్టాలన్నాను. అరగంట పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. జెరాక్సులకు వచ్చినవాళ్లు ఆయనను చూసి పోతున్నారు. చివరికి రాశాడు. నిస్పక్షపాతంగా చూడకుండా రాసినందుకు క్షమించమని. ఈసారి నేను తప్పు దిద్దలేదు.

ఏడాది పాత వీడియో. ఆ క్షమాపణను ఇద్దరు చూశారు. ఒకడు "ఎవరండీ మీరు?" అని అడిగాడు.

జనం రాసినవన్నీ ఫోటో పట్టి ఫోల్డర్‌లో దాచుకుని, నా కామెంటు తీసేశాను. పెద్దాయన వాళ్ల మిద్దె ఎక్కి, ట్యాంకుల మూతలు తీసి, ఎండిన అడుగులు వీడియో తీసి అదే పేజీలో పెట్టాను. దాన్నీ పెద్దగా ఎవరూ చూడలేదు. వచ్చిన సోమవారం కొత్త అర్జీ పట్టుకుని ఆడవాళ్లతో కలిసి కలెక్టరాఫీసుకు పోయి వరుసలో నిలబడ్డాను. వారం రోజులకు ట్యాంకరు వచ్చింది, ఆ తరువాత కొళాయిలు వచ్చాయి. నీళ్లు ఆ కొన్ని రోజులు ఆలస్యమైంది నా వల్లేనని వాళ్లకు చెప్పలేదు. పెద్దాయన కూడా చెప్పినట్టు లేదు.

ఆదివారం ఊరికి పోయి నాయనకు క్షమాపణ చూపించాను. ఒకసారి చదివి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"ఇది సరే. ఆయన మీద జనం ఏమేం రాసినారంటివే, అది సదువు."

చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు. "ఇంకోసారి" అన్నాడు. దాహం మాట దగ్గర దగ్గు వచ్చేదాకా నవ్వాడు. వంటింట్లోంచి అమ్మ, "పాపం, ముసలాయన. సాలు ఇంక" అంటే, "నువ్వుండు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పెద్దాయన బిందె పట్టుకుని నిలబడ్డ వీడియో తన ఫోన్లో వేయించుకుని టీ అంగడికి పోయాడు. "ఈయనప్పా అసలు ఆర్టిస్టు" అని రెండు రోజులు అందరికీ చూపించాడట. ఇప్పుడు రోజూ పోతున్నాడు, పేపరు పైకి చదువుతున్నాడు. నాకు సంతోషంగానే ఉంది.

మొన్న అమ్మ ఫోన్లో గొంతు తగ్గించి అడిగింది.

"మేయ్, ఆ ముసలాయనకు నిజంగానే నీళ్లు లేవా?"

"లేవమ్మా."

"మీ నాయనకు సెప్పనా?"

వద్దన్నాను.