గడప దాటించిన చప్పట్లు

ముందుగా పాఠకలోకానికి క్షమాపణలు. ఇంత గంభీరమైన రచనకు తగిన వయసు గానీ, పాండిత్యం గానీ, కనీసం సరిపడా హాజరు గానీ నాకు లేవు. కానీ మహబూబ్‌నగర్ ఫిజియోథెరపీ కాలేజీలో మాకు మెదడు పాఠం చెప్పిన సార్ మొన్న ఆదివారం కన్నుమూశారు. మెదడు నాకూ ఒకటుందని మొదట కనిపెట్టింది ఆయనే కనుక రాయక తప్పడం లేదు.

ముడతలు పడిన పై మెదడంటే సార్‌కు పెద్ద గౌరవం లేదు. "అది పెండ్లిపెద్ద బిడ్డా. ఫోటోలల్ల గాయినే కనబడ్తడు. వండెటోళ్లు, వడ్డించెటోళ్లు అందరు కిందనే ఉంటరు" అనేవారు. ఆ కిందివాళ్ల ముచ్చట వచ్చేసరికి ఆయన గొంతు గుడిలో మాట్లాడినట్టు తగ్గేది. చూసిందీ విన్నదీ థాలమస్ దగ్గర ఆగి పైకి పోతుంది. వెనక లారీ హారన్ మోగితే, ఏమిటో తెలిసేలోపే బాదంగింజంత అమిగ్డలా మన గుండెను దడదడలాడిస్తుంది. నడక సాఫీగా సాగేలా చూసేది బేసల్ గాంగ్లియా.

"గిన్నేండ్ల సంది చెప్తున్న, నాకింకా నమ్మబుద్ధి కాదు. గింత గడ్డ, గంత పని!"

ఆ గడ్డలే ఆయనను మోసం చేశాయి. మధ్యమెదడులోని నల్లని కణాలు చచ్చిపోవడంతో, అవి పంపే డోపమిన్ అనే రసాయనం బేసల్ గాంగ్లియాకు అందలేదు. పార్కిన్సన్స్. వణికే చేతిని జేబులో పెట్టుకునేవారు. కాళ్లను ఏ జేబులో పెట్టుకోవాలి? క్లాసు గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయేవి. చెయ్యి అందిస్తే కసిరేవారు.

"నా కాళ్ల మీద నేను లోపలికి రాని నాడు పాఠం బంద్. ఇంటికి పోత."

ఒకరోజు ఎంతకూ అడుగు పడలేదు. చాక్‌పీసు పట్టుకుని గడప అవతలే నిలబడిపోయారు. ఇదే ఆఖరి రోజనుకుని మేం తలలు దించుకున్నాం. అప్పుడు హాలియా నుంచి వచ్చి చదువుకుంటున్న మా క్లాసు అమ్మాయి లేచింది.

"సార్, బతుకమ్మ ఆడ్తరా?"

"ఏందే, ఎగతాళా?"

"కాదు సార్. లోపలి లయ తప్పితే బయటి లయ అందుకోవాలని మీరే చెప్పిండ్రు గద."

నడుం వంచి చప్పట్లు మొదలుపెట్టింది. అమ్మాయిలంతా అందుకున్నారు. జన్మలో బతుకమ్మ ఆడని మగపిల్లలం మేమూ కలిశాం. సార్ కుడికాలు లేచింది. గడప దాటింది. చప్పట్టుకొక అడుగు వేస్తూ బల్ల దాకా వచ్చేశారు. మూసుకుపోయిన బాటను వదిలి ఒక మెదడు ఇంకో బాట పట్టడం నేను కళ్లారా చూశాను.

పక్క క్లాసు మేడమ్ ఉరికొచ్చింది. "పండుగకు ఇంక నెల ఉన్నది గద, ఏం లొల్లి ఇది?"

"లొల్లి గాదమ్మా, ప్రాక్టికల్" అన్నారు సార్, ఒగరుస్తూ.

రిటైరయ్యేదాకా ఆయన అలాగే వచ్చారు.

ఆ చప్పట్లు మొదలుపెట్టింది నేనేనని కాలేజీలో ఒక ప్రచారం ఉంది. ప్రచారకుణ్ణి నేనే. నేను నిజంగా చేసింది ఒక్కటే. సార్ సొంతూరు కట్టంగూర్‌లో ఆయన పాడె లేవగానే డప్పులు జోరందుకున్నాయి. ముందు నడుస్తున్న డప్పు పెద్దాయన దగ్గరికి పోయి చెవిలో చెప్పాను.

"కాకా, జర మెల్లగ కొట్టు. సార్ గింత జల్ది నడ్వడు."

ఆయన నన్నొకసారి చూసి, దెబ్బ తగ్గించాడు. పాడె మోసేవాళ్ల కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. ఎర్రమట్టి బాట మీద ఊరంతా దెబ్బకొక అడుగు వేస్తూ నడిచింది.