పెళ్లిచూపులకు యూనిఫారం

మా మనవడు దేశం కోసం మిలిటరీలో చేరాడని మెదక్‌లో చాలామంది అన్నారు. చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ మీదా అదే రాశారు. నాకు తెలిసిన సంగతి వేరు.

నిజాంపేట దగ్గర మాకున్న రెండెకరాలు వాడే సాగు చేసేవాడు. రేగోడు నుంచి సంబంధానికి వచ్చినవాళ్లు ఛాయ్ తాగి, "వ్యవసాయం చేసేటోనికి పిల్లనియ్యం" అని లేచిపోయారు. అంతకుముందు వచ్చినవాళ్లదీ అదే మాట. మర్నాడు సోమవారం. తెల్లారకముందే వాడు బూట్లు తొడుక్కుని గ్రౌండ్‌కు పరుగు తీయడానికి పోయాడు. గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టాను.

"ఇదేం పరేషాన్‌రా?" అని వాడు తిరిగొచ్చాక అడిగాను.

"యూనిఫారం ఏస్కుంటే గా రేగోడోళ్లే మళ్ల వస్తరు, సూడు నానమ్మా."

మిలిటరీలో ఉద్యోగం వచ్చింది, కానీ నాలుగేళ్ల గడువుకే. వాడు మొదటి సెలవుకు ఇంటికి రాగానే ఆ రేగోడువాళ్లూ వచ్చారు, పిల్ల తండ్రి, మేనమామ. మా కొడుకు సర్కారు కొలువని గొప్పగా చెప్పుకుపోతున్నాడు. మేనమామ గడుసువాడు, నా వైపు తిరిగాడు.

"నాలుగేండ్ల దాంక పెండ్లి చేస్కోవద్దంట గద, పెద్దమ్మా?"

కొడుకు నన్ను గుచ్చి చూశాడు. "అవును" అన్నాను.

"అయినంక?"

"నలుగురిల ఒక్కన్ని ఉంచుకుంటరు. ముగ్గురు ఇంటికొస్తరు."

ఆయన నవ్వాడు. "అంటే కొలువున్నన్ని దినాలు పెండ్లి లేదు, పెండ్లి చేస్కునే యాల్లకు కొలువు లేదు. మరి పిల్లనెప్పుడియ్యాలె, మీరే చెప్పుండ్రి."

లెక్క తప్పు కాదు. వాడు సంతకం పెట్టకముందే నేనూ ఆ లెక్క వేసి వాడికి చెప్పాను. "గా ఒక్కన్ని నేనే అయిత" అన్నాడు. తక్కిన ముగ్గురూ వాళ్ల ఇళ్లలో అదే అని ఉంటారు.

మనవడు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. లేచి పోబోతూ పిల్ల తండ్రి వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"మా పోరడు గూడ మిలిటరీకని రోజు ఉరుకుతుండు. జర సెల్యూట్ కొట్టు బిడ్డా, ఫోటో తీస్క పోయి వానికి చూపిస్త."

పొద్దున నేను ఇస్త్రీ చేసి ఇచ్చిన యూనిఫారంలో మనవడు గుమ్మం ముందు నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఫోటో సరిగా పడలేదని ఆయన ఇంకోసారి కొట్టమన్నాడు. ఇంకోసారీ కొట్టాడు.