పై వరుసలో దేవదానం గారు

కరెంటు పోయి మా ఆఫీసులో యూపీఎస్ కీచుమనడం మొదలుపెడితే చాలు, ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే సేవ్ చేసేస్తుంది. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వుతారు. వాళ్ళ పని వాళ్ళు అడక్కుండానే ఎప్పటికప్పుడు భద్రమైపోతుంది మరి. నాకు మాత్రం ఆ కీచు వెంటే సుగుణ మేడం గొంతు వినిపిస్తుంది: "చేశావా పద్మా? ముందు చెయ్యి, తర్వాత ఆలోచించు." కుదురుగా ఒకచోట కూర్చోలేని జబ్బు కూడా నాకు ఆవిడ దగ్గరే అంటుకుంది.

తొంభైల చివర్లో ఆవిడ తెనాలిలో ఒక బట్టల కొట్టు మీది గదిలో కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. పొద్దున పిల్లలకు పాఠాలు, మధ్యాహ్నం నుంచి మిల్లులకీ ఆసుపత్రులకీ ప్రోగ్రాములు రాయడం. నేను నందివెలుగు నుంచి బస్సులో వచ్చి ఆ రెండో పనిలో ఉండేదాన్ని. ఆవిడ భర్త దేవదానం గారు బాపట్లలో లెక్కల మాస్టారుగా పనిచేస్తూనే పోయారు. పిల్లలు లేరు. అయినా ఆవిడ అక్కడి ఇల్లు వదల్లేదు, రోజూ బాపట్ల నుంచి రైల్లో వచ్చి వెళ్ళేవారు. నిలబడే టీ తాగేవారు, నిలబడే టిఫిన్ తినేవారు. నా భుజం మీదుగా తెర చూస్తూ, నేను టైపు చెయ్యడం పూర్తికాకముందే తప్పు పట్టేసేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

బాపట్లలో ఆవిడ వెళ్ళే చర్చి సంఘం తమ సభ్యుల పట్టికను కంప్యూటర్లో పెట్టమని అడిగింది. ఒక్కో కుటుంబానికీ పై వరుసలో ఇంటి యజమాని పేరు ఉంటుంది. పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే కింద భార్య, పిల్లలు, కోడళ్ళు వరుసగా తెరుచుకుంటారు. కమిటీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి, ఓటర్ల జాబితా కోసం జీవించి ఉన్నవారిని మాత్రమే చూపించే ఫిల్టర్ కావాలన్నారు. ఆ ఎన్నికల్లో సుగుణ మేడం నిలబడదలచుకున్నారు. ఆ కమిటీలో అంతకుముందు ఆడమనిషి కూర్చున్నది లేదు. జాబితాలో పేరు లేనివాళ్ళు నిలబడడానికి వీల్లేదు. రైల్లో వస్తూ పోతూ తనకు ఏడాదిగా అదే ఆలోచన అని ఒకసారి నాతో అన్నారు.

పని చూపించడానికి ఇద్దరం బాపట్ల వెళ్ళాం. సంఘ పెద్దలంతా నా కుర్చీ చుట్టూ చేరారు. ఫిల్టర్ పెట్టగానే పట్టిక చకచకా కుంచించుకుపోయింది. సెక్రటరీ గారు ముచ్చటపడి, "ఏదమ్మా, మన మేడం గారి పేరు చూపించు," అన్నారు. వెతికాను. లేదు. మళ్ళీ వెతికాను.

"ఏంటమ్మా, మేడం గారు మన సంఘంలో లేరా ఏంటి?" అని వెనక నుంచి ఎవరో నవ్వారు.

మేడం వంగి తెర చూశారు. "నేను మాస్టారి కింద ఉన్నానండి," అన్నారు మెల్లగా. "ఆయన్ని తీసేస్తే నేనూ పోయాను."

జరిగింది అదే. దేవదానం గారు జీవించి లేరు కనుక ఫిల్టర్ ఆయన వరుసను దాచేసింది, దానితోపాటు కింద ఉన్నవన్నీ పోయాయి. ఆవిడొక్కరే కాదు, ఆ సంఘంలో భర్త పోయిన ఆడవాళ్ళెవరూ, వాళ్ళ పిల్లలతో సహా, తెర మీద లేరు. పట్టిక అంత శుభ్రంగా కనిపించింది అందుకే.

తెనాలి సెంటర్‌కి తిరిగి వచ్చే రైల్లో నేను ఊరుకోలేకపోయాను. "యజమాని పోతే, ఉన్నవాళ్ళలో పెద్దవాళ్ళని పైకి ఎక్కించేద్దామండి. మీ పేరే పైన పెడదాం. ఇంకా ఆయన కింద ఎందుకండి మీరు?"

ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "ఎవర్ని అడిగి ఎక్కిస్తావు?"

"అడిగేదేంటండి, అది న్యాయం కదా!"

"నీకు న్యాయం. వాళ్ళకేంటో వాళ్ళని అడుగుదాం పద."

అడగడానికి ఇల్లిల్లూ తిరిగాం. రేపల్లెలో కూతురి దగ్గర ఉంటున్న మరియమ్మ గారు, "నా పేరు పైనెందుకమ్మా? ఆయన పేరు చెబితేనే గదా నలుగురికీ నేనెవరో తెలిసేది," అన్నారు. పిట్టలవానిపాలెంలో కూలికి వెళ్ళే ఒకావిడ మాత్రం, "తీసెయ్యండమ్మా ఆయన్ని. ఉన్నప్పుడు ఏం చూశాడని," అంటూ లోపలికి వెళ్ళిపోయింది. మేడం ఆ రెండు జవాబులనూ ఒకే ముఖంతో విన్నారు. నాకు అది చేతకాలేదు. మొదటి ఇంట్లో వాదించబోయాను, రెండో ఇంట్లో చప్పట్లు కొట్టబోయాను.

దాంతో ప్రోగ్రాం మారింది. కింద ఒక్కరు జీవించి ఉన్నా పై వరుస పోకూడదు. చనిపోయిన యజమాని పేరు బూడిద రంగులో, ఓట్ల లెక్కలోకి రాకుండా, ఆ ఇల్లు ఎవరిదో తెలియడానికి మాత్రం నిలుస్తుంది. వద్దన్నవారికి వారి పేరే పైన. కింద ఎవరూ మిగలకపోతే ఆ కుటుంబం మొత్తం తెర మీంచి తప్పుకుంటుంది. ఈ నియమాలన్నీ ఆవిడే చెప్పి రాయించారు. చివర్లో, "మరి మీకు ఎలా పెట్టమంటారండి?" అని అడిగాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆయన్ని ఉండనియ్యి," అన్నారు. ఇంతా చేసి ఇదా అని నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం కోపమే.

ఎన్నికల్లో ఆవిడ గెలిచారు. కమిటీ మీటింగుల్లో కూడా కుర్చీలో కూర్చోరని సెక్రటరీ గారు నవ్వుతూ చెప్పేవారు.

నేను ఉద్యోగం మారిన కొన్నేళ్ళకు ఆవిడ రైల్లోనే గుండె ఆగి పోయారు. భూస్థాపన అయిన మర్నాడు సెక్రటరీ గారు ఫోన్ చేశారు.

"అమ్మా పద్మా, మేడం గారి పేరు పక్కన చనిపోయినట్టు పెట్టానమ్మా. ఆవిడతోపాటు మాస్టారి పేరు కూడా పోయింది. ఇద్దరూ కనబడట్లేదు. ప్రోగ్రాంలో తప్పేమన్నా ఉందంటావా?"

తప్పు ఉండి ఉంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ఉంటే ఆ సాయంత్రమే బాపట్ల వెళ్ళి దిద్ది వచ్చేదాన్ని.

"లేదండి," అన్నాను. "సరిగ్గానే పనిచేస్తోంది. ఆ ఫిల్టర్ తీసి చూడండి, ఇద్దరూ ఉంటారు."

ఆ తర్వాత ఎన్నో పట్టికలు రాశాను. ఏ వరుసనైనా దాచమని ఎవరడిగినా, దాని కింద ఎవరున్నారో విప్పి చూడనిదే నా చెయ్యి ముందుకు పోదు. అంతా సరిగ్గా ఉందని తేలాక కూడా మనసు నిలవదు. ఇంటికి బయల్దేరే ముందు ఒకసారి ఫిల్టర్ తీసేసి, పై నుంచి కింది దాకా అందర్నీ చూసుకుని వస్తాను.