పక్క నుంచి పగిలిన కొండ

నా బీఎస్సీ ఫస్ట్ క్లాసులో కొన్ని మార్కులు మా అమ్మవి. ఆ మాట చెప్పాల్సిన చోట నేను చెప్పలేదు. పైగా చెప్పానని ఆమెతోనే అన్నాను. ఇన్నేళ్లకు కాగితం మీదైనా పెడదామని కూర్చున్నాను.

డెబ్బై ఎనిమిదిలో వరంగల్‌లో నేను డిగ్రీలో చేరినప్పుడు జియాలజీ గ్రూపులో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయి మూడు నెలలకే వేరే గ్రూపుకు మారిపోయింది. నాది మొండితనం కాబట్టి మిగిలాను. మా నాన్నకు బజారులో కిరాణా దుకాణం. కాలేజీ ఫారం మీద సంతకం పెడుతూ ఆయన ఒకటే మాట అన్నాడు: "ఫస్ట్ క్లాసు తెచ్చుకుంటె హైదరాబాదుల ఎమ్మెస్సీ చదువు బిడ్డా. రాకుంటె వచ్చి గల్లా మీద కూసో. రెండిట్ల ఏదైనా నాకు ఫికర్ లేదు." ఆయనకు నిజంగానే ఫికర్ లేదు. నాకుంది. గల్లా పక్కనే ఎండుమిర్చి బస్తాలుండేవి. అక్కడ పది నిమిషాలు కూర్చుంటే నాకు తుమ్ములు ఆగేవి కావు. బతుకంతా తుమ్ముతూ కూర్చోవడం నా వల్ల కాదనుకున్నాను.

మాది రాళ్ల ఊరు. హన్మకొండ గుట్టలెక్కితే కాలి కింద ఉన్నది ఒకప్పటి శిలాద్రవమే. అది పైకి రాలేక భూమి లోపలే మెల్లగా చల్లారి గ్రానైటు అయింది. రెండు వందల కోట్ల ఏళ్లకు పైబడిన ముచ్చట అది. మీదున్నదంతా అరిగిపోయాక ఇప్పుడు ఎండలో పడి ఉంది, దాని మీద మేకలు ఎక్కుతున్నాయి. నిప్పులు కక్కే కొండను మాత్రం మేము చూసింది మా సారు బోర్డు మీద గీసిన బొమ్మలోనే. ఒక త్రిభుజం, మధ్యలో గొట్టం, పైన పొగ. "లావా ఒక పొర, బూడిద ఒక పొర. స్ట్రాటో అంటే పొర. రాసుకోండి" అనేవాడు. రాసుకునేవాళ్లం.

ఎనభై మే నెలలో, రెండో ఏడు సెలవుల్లో, అమెరికాలో సెయింట్ హెలెన్స్ అనే కొండ పేలింది. నాకు ఆ సంగతి తెలిసింది పొట్లాల వల్ల. పప్పులూ జీలకర్రా కట్టడానికి మా దుకాణానికి పాత పేపర్లు కట్టలుగా వచ్చేవి. అవి తేదీల వరసలో రావు కదా. మొదట కొండ పేలిందని చదివాను. వారం తర్వాత కొండ ఉబ్బుతోందని చదివాను. ఇంకో వారానికి కొండ మీద కొంచెం ఆవిరి లేచిందని చదివాను. నా చేతుల్లో ఆ కొండ వెనక్కి వెనక్కి నడిచి మళ్లీ నిద్రపోయింది. ఆ ముక్కలన్నీ కత్తిరించి, వరస సరిచేసి నోటుబుక్కులో అంటించాను. పొట్లాలకు కాగితం మిగలనిస్తలేవని నాన్న విసుక్కున్నాడు.

వరసలో పెడితే కథ ఇది. సెయింట్ హెలెన్స్ పొరల కొండ. అడుగున ఉన్న పాత కొండ వయసు వేలకు వేల ఏళ్లు. పైకి కనిపించే శిఖరంలో చాలా భాగం మాత్రం గత రెండు మూడు వేల ఏళ్లలో పేరుకున్నదే. మా గుట్టల ముందు నిన్న పుట్టిన పిల్ల. అన్ని వైపులా ఎంత తీరుగా ఉండేదంటే, జపాన్‌లోని ఫ్యూజీతో పోల్చి అమెరికా ఫ్యూజీ అనేవారట. పద్దెనిమిది వందల యాభై ఏడు తర్వాత అది పడుకుంది. నూట ఇరవై మూడేళ్లకు, ఎనభై మార్చిలో, దాని కింద భూమి కదలడం మొదలైంది. వారంలోపే శిఖరం మీద ఆవిరి పేలుళ్లు. ఆ తర్వాత ఉత్తరం పక్క ఉబ్బసాగింది, రోజుకు ఐదారు అడుగుల చొప్పున. ఆ కొండ లోపలి శిలాద్రవం ముదిరిన బెల్లప్పాకం లాంటిది, తొందరగా పారదు. ఆవిరీ వాయువులూ అందులో చిక్కుకుని ఉంటాయి. మే పద్దెనిమిది ఆదివారం పొద్దున వచ్చిన భూకంపానికి ఉబ్బిన పక్కంతా ఒక్కసారి జారిపోయింది. ఆ వెంటనే కొండ ఆ పక్క నుంచే పేలింది. మైళ్ల కొద్దీ అడవి నేలకొరిగింది. యాభై ఏడు మంది పోయారు. కొండ ఎత్తు పదమూడు వందల అడుగులు తగ్గింది.

బూడిద రెండు వారాల్లో భూమిని చుట్టి వచ్చిందని కూడా ఒక పొట్లంలో ఉంది. మా మీద నుంచి కూడా పోయి ఉంటుందని కొన్ని రోజులు దుకాణం అరుగు మీద వేలితో రాసి చూసుకున్నాను. అంటింది పసుపు పొడి.

నాకు అర్థం కానిది ఒక్కటే. సారు బొమ్మలో నోరు పైనుంది, ఈ కొండకూ పైన నోరుంది. మరి పక్క నుంచి ఎందుకు పేలింది? కాలేజీ తెరిచాక సారునే అడిగాను. ఆయన బోర్డు మీది బొమ్మ తుడుస్తూ, "అది సిలబస్‌ల లేదమ్మా. పరీక్షల మాత్రం పై నుంచే రానియ్యి" అన్నాడు. ఆయన మీద నాకు చాలా రోజులు కోపం ఉండేది.

అక్టోబరులో సద్దుల బతుకమ్మ వచ్చింది. బతుకమ్మను తాంబాళంలో పేరుస్తారు. ఒక వరస తంగేడు, ఒక వరస గునుగు, మళ్లీ తంగేడు, ఇట్లా గుండ్రంగా పేర్చుకుంటూ పైకి పోయేకొద్దీ సన్నగా తెస్తారు. మధ్యలో బోలుగా ఉన్నచోట ఆకులూ పూలకాడలూ తుంచి నింపుతారు. లోపల అది లేకపోతే బతుకమ్మ నిలవదు. ఆ ఏడు, అమ్మ వదినా అని పిలిచే ఎదురింటామె బతుకమ్మ నడుము ఎత్తు వస్తోందని కబురు తెలిసి, అమ్మకు తనది ఇంకో జానెడు ఎక్కువ ఉండాలని పట్టుదల వచ్చింది. వరసలు అమ్మవి, లోపల నింపడం నాది. నేను ఒక కన్ను నోటుబుక్కు మీద ఉంచి కాడలు కుక్కుతున్నాను.

అమ్మ వంగి చూసింది. "గీ పక్క ఉబ్బుతాంది. జర ఆపు."

"నింపకుంటె నిలువదని నువ్వే అంటివి గదమ్మా."

"నింపుమన్న. కుక్కుమన్ననా?"

నా మొండితనం సంగతి ముందే చెప్పాను. ఇంకో గుప్పెడు వేసి గట్టిగా ఒత్తాను. ఉబ్బిన పక్క నాలుగు వరసలు ఒక్కసారే జారి అరుగు మీద పడ్డాయి. వాటి వెనకే లోపలి కాడలన్నీ అటే దూసుకొచ్చి నా ఒళ్లో పడ్డాయి. మిగిలిన మూడు పక్కలూ అట్లాగే నిలబడి ఉన్నాయి.

అమ్మ తిట్టాల్సినవన్నీ తిట్టింది. తర్వాత పూలు ఏరుకుంటూ అంది: "లోపలిది మీదికెట్ల పోతది? మీద నేను ఒత్తి ఒత్తి గట్టిగ చేస్తి. ఏ పక్క వదులుంటె ఆ పక్క ఉబ్బుతది. ఉబ్బిన పక్క జారినంక లోపలున్నదంత అటే దుంకుతది. ఇగ దానికి అడ్డమేమున్నది?"

నేను నోటుబుక్కు తిప్పాను. పేలిన తర్వాతి కొండ బొమ్మ ఉంది అందులో. మూడు పక్కలు నిలిచి, ఉత్తరం పక్క తెరుచుకుని, గుర్రపు నాడాలా ఉంది. సారు ఇవ్వని జవాబు నా ఒళ్లోనే ఉంది. అమ్మకు బొమ్మ చూపించి జరిగిందంతా చెప్పాను. ఆమె చేతులకు గునుగు పూలకు అద్దిన రంగు ఉంది. కాగితం ముట్టకుండా వంగి చూసి, "వీళ్లు గూడ కుక్కిన్రు" అంది.

తర్వాతి వేసవిలో ప్రాక్టికల్ పరీక్షలు. హైదరాబాదు నుంచి వచ్చిన ఎగ్జామినర్ మా సారు పక్కన కూర్చుని వైవా అడుగుతున్నాడు. నా రాత పరీక్షలు అంతంత మాత్రమే. ఫస్ట్ క్లాసు వస్తుందా, మిర్చి బస్తాల పక్కకు పోతానా అన్నది ఈ గదిలోనే తేలాలి. ఆయన పొరల కొండల గురించి అడిగాడు, చెప్పాను. పోయినేడు పేలిన కొండ గురించి అడిగాడు, చెప్పాను. "పైన నోరుండగా పక్క నుంచి ఎందుకు పేలింది?" అన్నాడు. పైన బిగిసిపోవడం, వదులైన పక్క ఉబ్బడం, అది జారడం, ఒత్తిడికి అడ్డం లేకపోవడం, అన్నీ అమ్మ చెప్పిన వరసలోనే చెప్పాను. శిలాద్రవం అనే మాట ఒకటి నేను కలిపాను.

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "ఇది మీ పుస్తకంలో లేదు. ఎక్కడ చదివావు?"

నాకు అమ్మ రంగు చేతులు గుర్తొచ్చాయి. ఎదురుగా తెల్ల చొక్కా, కళ్లద్దాలు, మైక్రోస్కోపు. సిగ్గేసింది. "లైబ్రరీలో సార్, ఒక ఫారిన్ జర్నల్‌లో" అన్నాను.

"ఏ జర్నల్?"

"పేరు గుర్తులేదు సార్."

మా లైబ్రరీకి ఒక్క ఫారిన్ జర్నల్ కూడా రాదని మా సారుకు తెలుసు. ఆయన తల దించుకుని ట్రేలో రాళ్లు సర్దాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గడపలోనే ఉంది. ఏమడిగారంది. ఆ కొండ గురించే అడిగారని, నువ్వు చెప్పిందే చెప్పానని అన్నాను. "నేను చెప్పిన్నని చెప్పినవా?" అంది. ఆ మొహం చూసి లేదనలేకపోయాను. "చెప్పిన. హైదరాబాదు సారు నవ్విండు. మీ అమ్మ తెలివిగల్లది అన్నడు" అన్నాను. అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. అంత సంతోషం ఆమె మొహంలో నేను ఎక్కువసార్లు చూడలేదు.

ఫస్ట్ క్లాసు అంచు మీద వచ్చింది. హైదరాబాదు పోయాను, ఎమ్మెస్సీ అయింది, తిరిగొచ్చి హన్మకొండలో లెక్చరర్‌గా చేరాను. అటు అమెరికాలో సెయింట్ హెలెన్స్ కూడా ఊరుకోలేదు. తెరుచుకున్న గుంటలో కొత్త లావా గుమ్మటంలా కొద్దికొద్దిగా లేస్తూ ఎనభై ఆరు దాకా పెరిగింది. ఇక్కడ నా అబద్ధం కూడా పెరిగింది. ప్రతి బతుకమ్మకూ అమ్మ వాడకట్టు ఆడవాళ్లకు ఆ ముచ్చట చెప్పేది. మొదట హైదరాబాదు సారు నవ్వాడు. రెండో ఏటికి కుర్చీలోంచి లేచాడు. తర్వాత ఎప్పుడన్నా వచ్చి బతుకమ్మ చూసిపోతానన్నాడు. నేను పక్కన కూర్చుని తల ఊపేదాన్ని.

ఎనభై ఆరులో మా పాత సారు తన కూతురి పెండ్లి పత్రిక ఇవ్వడానికి మా ఇంటికి వచ్చాడు. అమ్మ చాయ్ ఇచ్చి, నేను ఆపేలోపే అడిగేసింది. "సారూ, ఆ పరీక్షల మీరు గూడ ఉన్నరట గద. నా మాట ఇని హైదరాబాదు సారు నవ్విండట?"

సారు నా వైపు చూశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "అవునమ్మా. నేను పక్కనే ఉన్న" అన్నాడు.

గేటు దాకా సాగనంపాను. సైకిల్ స్టాండు తీస్తూ ఆయన మెల్లగా అన్నాడు: "జర్నల్ పేరు చెప్పలేదని ఆయన రెండు మార్కులు తీసేసిండమ్మా. అమ్మ చెప్పింది అంటివంటె తియ్యకపోతుండె."

ఇక నా వల్ల కాలేదు. లోపలికి వచ్చేసరికి అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు నేను నీ పేరు చెప్పలే. పుస్తకంల చదివిన అన్న."

"మరి సారు నవ్విండంటివి?"

"నవ్వలే."

ఆమె చేతులు ఆగలేదు. రెండు రాళ్లు ఏరి పక్కన వేసింది. "గిన్నేండ్లు నేను అందరికి చెప్పుకుంట తిరిగిన గదనే" అంది. చాట ఒకసారి కుదిపి, "ఇప్పుడొచ్చిన సారుకు ఎరుకేనా?" అంది. ఎరుకే అన్నాను. "అయితె ఇందాక నా మాటకు ఏమనుకున్నడో" అంది. నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. "ఇగ ఎవ్వరికి చెప్పకు" అని చాట తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఆ ఏడు సద్దుల నాడు మా అరుగు మీద అమ్మ వరసలు పేరుస్తోంది, నేను లోపల నింపుతున్నాను. ఎదురింటామె తన కొత్త కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. "ఆ హైదరాబాదు సారు ముచ్చట మా కోడలుకు జర చెప్పు వదినా" అంది.

అమ్మ గునుగు కట్ట విప్పుతూ, "ఎప్పటి ముచ్చటనో. నాకు యాదికి లేదు" అంది.

జరిగింది జరిగినట్టు నేనే చెబుదామని నోరు తెరిచాను. అమ్మ నన్ను చూసింది. తాంబాళాన్ని కొంచెం నా వైపు తిప్పి, "గీ పక్క వదులున్నది, నింపు" అంది. నింపాను.